పురుగులింట్లో నన్ను దాచిన కెంపమ్మవ్వ

మా అవ్వ కెంపమ్మకు పాములంటే భయం లేదు, దయ్యాలంటే లేదు, మా తాతంటే అసలే లేదు. ఆమె భయమంతా పట్టుపురుగులకు జబ్బు తగులుతుందనే. దిబ్బూరహళ్ళిలో వాటిని పెంచే మా పురుగులింట్లోకి రావాలంటే ఎంతటివాళ్ళయినా కాళ్ళూ చేతులూ కడుక్కుని, గడప ముందు చల్లిన సున్నం తొక్కి రావాల్సిందే. పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చిన సొంత తమ్ముణ్ణి కూడా వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపింది.

అంత కాపలా కాస్తే, జబ్బు పురుగులను వదిలేసి నన్ను పట్టుకుంది.

అది 2004 వానాకాలం, మాది ఇంకా కోలారు జిల్లానే. నాకు నాలుగేళ్ళు. జ్వరం తగ్గిన మరునాడు పొద్దున లేవబోతే ఎడమకాలు నాతో రాలేదు. అమ్మ నన్ను నిలబెట్టి చేయి వదిలింది, కూలబడ్డాను. ఇంకోసారి నిలబెట్టబోతుంటే అవ్వ "చాల్లేమ్మా" అని నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

పిల్లల కాళ్ళు పడిపోయాయంటే వచ్చి చూసే డాక్టరమ్మ మంజుశ్రీ చిక్కబళ్ళాపురం నుంచి జీపులో వచ్చింది. నా మలాన్ని డబ్బాలో పెట్టి, మంచుపెట్టెలో బెంగళూరుకు పంపింది.

"చుక్కలు ఏపించినారు కదా, పోలియో కాకపోవచ్చు. దాని జాతిదే ఇంకొకటి ఉండచ్చు. చూస్తాం."

అవ్వకు ఆ 'చూస్తాం' సరిపోలేదు. "అది ఒంట్లోకి ఎట్ల దూరుతాదమ్మా?"

డాక్టరమ్మ ఓపికగల మనిషి. ఆ ఓపికే కొంప ముంచింది.

"దాని చుట్టూ గట్టి పెంకు ఉంటాదవ్వా. కడుపులో పులుపుకు కూడా కరగదు. మన ఒంట్లో కణాలకు సన్న పొర ఉంటాది. ఆ పొరకు అంటుకున్నాకనే పెంకు వదులైతాది. అప్పుడు ఆ పొరకే చిల్లి చేసి, లోపలుండే సరుకు కణంలోకి వదుల్తాది. ఇంక అక్కణ్ణించి పెరిగేది."

"అంటే దాన్ని విప్పేది మన ఒళ్ళేనా?"

"ఒకరకంగా అంతే."

ఆ మాటకు అవ్వ పురుగులింటి గడప ముందరి సున్నం వైపు చూసింది. బయటినుంచి వచ్చేదానికి సున్నం ఉంది, బ్లీచింగ్ పౌడరు ఉంది. ఇంట్లోవాళ్ళే తలుపు తీస్తుంటే ఏం చల్లాలి?

పెంకంటే అవ్వకు తెలిసింది పట్టుపురుగు గుడ్డే. గుడ్లు పొదిగే వేళకు మావాళ్ళు వాటిని నల్లకాగితంలో చుట్టి చీకట్లో పెడతారు. లోపల పురుగు తయారైనా బయటికి రాదు. పొద్దున కాగితం విప్పి వెలుగు చూపిస్తే అన్నీ ఒక్కసారే పెంకు కొరుక్కుని వస్తాయి. చీకట్లో పెడితే నా ఒంట్లోని జబ్బు పెంకు కూడా విప్పుకోదని అవ్వ లెక్క.

మరునాడు అమ్మ పసులకు గడ్డి కోయడానికి పోగానే, అవ్వ నా కాళ్ళకు నల్లకాగితం చుట్టింది. పట్టుగూళ్ళ పంట దిగిపోయి పురుగులిల్లు ఖాళీగా ఉంది. కిటికీలకు గోనెపట్టాలు కట్టి, నన్ను లోపల పడుకోబెట్టి, బయట గొళ్ళెం పెట్టి గడప మీద కూర్చుంది.

ఆ చీకటి నాకింకా గుర్తుంది. కాళ్ళ దగ్గర కాగితం గరగరమన్నప్పుడల్లా ఏదో పాకుతోందనుకుని కెవ్వుమన్నాను. అవ్వ తలుపుకు వీపు ఆనించి మాట్లాడుతూనే ఉంది.

"యాడికీ పోలేదు మే, ఈడనే ఉండా. కదలొద్దు. కదిలితే అది లేస్తాది."

ఏది లేస్తుందో చెప్పలేదు. దాంతో నా భయం రెట్టింపైంది.

ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఊరుకున్నాను. "ప్రతిమా" అని పిలిచింది. కోపంతో పలకలేదు. మళ్ళీ పిలిచింది. పురుగులు బాగుంటే ఆకు తినే చప్పుడు వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. జబ్బు పడితే ఆ చప్పుడు ఆగిపోతుంది. అట్లా ఆగిపోయిన ఇంట్లోకి పొద్దున్నే అడుగుపెట్టిన మనిషి మా అవ్వ. గొళ్ళెం మీద చేయి వేసింది. తీస్తే వెలుగు పడుతుంది, తీయకపోతే నేను ఉన్నానో పోయానో తెలియదు. తీయలేక గడప మీదే కూలబడి ఏడ్చింది.

అవ్వ ఏడుపు నేనెప్పుడూ వినలేదు. చీకటికన్నా దానికే ఎక్కువ భయపడ్డాను. ఆ లేచేదేదో బయట ఆమెను పట్టుకుందనుకున్నాను. పురుగుల తట్టలు పెట్టే స్టాండు పట్టుకుని, గోడ పట్టుకుని, తలుపు దాకా పోయి బాదాను.

ఆ చప్పుడు గడప మీద కూర్చున్న తన తలకు పైనుంచి వినిపించిందని అవ్వ చెప్పేది. పాకే పిల్ల చేయి అంత ఎత్తుకు అందదు.

పోలియో కాదు, దాని జాతిదే ఇంకొకటి అని బెంగళూరు నుంచి కబురు ఆ తర్వాతెప్పుడో వచ్చింది. చీకటితో పనేమీ లేదు, దానంతటదే తగ్గిందని డాక్టరమ్మ చెప్పింది. దూరం నడిస్తే ఆ కాలు ఇప్పటికీ లాగుతుంది. ఆ రోజు మాత్రం గొళ్ళెం తీసిన అవ్వ నా ముఖం వైపు చూడలేదు. చిరిగిన నల్లకాగితంలోంచి నేలమీద ఆనిన నా రెండు పాదాలనే చూస్తూ, వాటిని పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.