సుగుణ మేడం మెట్లెక్కించారు

మొన్న పొద్దున పటాన్‌చెరు వెళ్లే కంపెనీ బస్సులో, నా ముందు సీటులో కూర్చున్న కొత్తమ్మాయి పిక్కలకు నొప్పుల బామ్ రాసుకుంటోంది. కిటికీలు మూసి ఉండడంతో ఆ ఘాటు బస్సంతా కమ్ముకుంది. ఎవరో ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం పటేల్‌గూడలో చర్చి పక్కనున్న హాలు, నల్లబల్ల ముందు నడుముకు కొంగు బిగించి నిలబడ్డ సుగుణ మేడం గుర్తుకొచ్చారు.

మేడం బడిపిల్లలతో డ్రిల్లు చేయించి, ఆటలాడించి రిటైరైన టీచరు. ఆ తర్వాత సాయంత్రాలు మాలాంటి ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. నలభై దాటాక నేను అక్కడే అక్షరాలు దిద్దాను. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని నాది. పొద్దంతా ఒకే చోట నిలబడాలి. సాయంత్రానికి పిక్కలు బరువెక్కి లాగేవి. మా లైన్లో ఆడవాళ్లందరం మోకాలి కింద పాత చీర పీలిక బిగించి కట్టుకునేవాళ్లం. అలా కడితే నొప్పి తెలియదని మా నమ్మకం. ఒకరోజు హాలులో కింద కూర్చోబోతుంటే అది మేడం కంటబడింది.

"ఇదేంది యాదమ్మా, కాలికి తాయెత్తు కట్టినవా?"

"తాయెత్తు గాదు మేడం. కాళ్లు గుంజుతున్నయి. గట్టిగ కడితే జెర హాయిగుంటది."

"ముందు విప్పు. విప్పి సూడు."

విప్పితే చర్మం మీద లోతుగా గాడి. దాని కింద పాదం ఉబ్బి ఉంది. మేడం అందరినీ దగ్గరికి పిలిచారు. "గుండె నెత్తురును కిందికి తోలుతది. అది మళ్ల పైకెక్కాలె గద! నువ్వు నడిసినప్పుడల్లా గీ పిక్క బిగుసుకొని దాన్ని పైకి నెడుతది. ఉన్నకాడనే నిలబడితే నెట్టెటోళ్లే లేరు. గది సాలదన్నట్టు గీ పీలికతోని నువ్వు దారిల గేటేసినవ్. అది యాడికి పోవాలె పాపం?"

హాలంతా నవ్వింది. మర్నాటి నుంచి పని దగ్గర నిలబడే మడమలు ఎత్తి దించడం, టీ టైములో కూర్చోకుండా అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాను. "యాదమ్మ డాన్సు నేర్సుకుంటున్నది" అని మా లైనువాళ్లు ఎగతాళి చేశారు. నా కాళ్ల వాపు తగ్గాక ఒక్కొక్కరే పీలికలు విప్పి నా పక్కన చేరారు.

కాళ్ల సంగతి అలా తేలింది. గుండె సంగతి అంత తేలిగ్గా తేలలేదు. ఉన్నట్టుండి కంపెనీలో ప్యాకింగును రెండో అంతస్తుకు మార్చారు. లిఫ్టు సరుకుకే. మా అమ్మ గుండె దడతోనే పోయింది. ఛాతీ పట్టుకుని "కొట్టుకుంటున్నది బిడ్డా" అన్నది, అంతే. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికి దడ వచ్చినా కదలకుండా కూలబడాల్సిందే. నేనూ మెట్లెక్కుతుంటే దడ రాగానే సగంలోనే కూర్చునేదాన్ని. తోటివాళ్లు నన్ను తప్పుకుని పైకి వెళ్లేవారు. "గిట్లయితే లైను ఎట్ల నడుస్తదక్కా?" అని సూపర్‌వైజరు రోజూ విసుక్కునేవాడు. ఇల్లు గడిచేది ఆ జీతం మీదే. అయినా ప్రాణం కంటే ఎక్కువా అనుకుని, పని మానేస్తానని మేడంతో చెప్పాను.

"ముందు డాక్టర్‌కు సూపియ్యి. ఇగ తర్వాత మాట్లాడుదాం" అన్నారు మేడం. డాక్టరు పరీక్షలు చేసి గుండె బాగానే ఉందన్నాడు. నేను నమ్మలేదు.

"మంచిగుంటే మరి ఎందుకు కొట్టుకుంటది మేడం?"

"మీ క్యాంటీన్ల మధ్యాహ్నం వడ్డించెటోళ్లు ఎట్ల ఉరుకుతరు?"

"ఉరకకుంటే మేం ఊకుంటమా?"

"గంతే! మెట్లెక్కుతుంటే తొడలు, పిక్కలు గాలి అడుగుతయి, తిండి అడుగుతయి. రెండూ మోసేది నెత్తురే. అందుకే గుండె జల్దీ కొడతది. నువ్వు ఎక్కుతున్నా అది కదలకుంటెనే పరేషాన్ గావాలె."

"మరి మా అమ్మకు?"

మేడం వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నారు. "మీ అమ్మ అప్పుడు మెట్లెక్కిందా?"

"లేదు. కూసోనే ఉండె."

"అది రోగం బిడ్డా. ఊకె కూసున్నా దడ, ఛాతిల నొప్పి, కళ్లు తిరుగుడు, గట్లయితే దవాఖానకు ఉరకాలె. నీ గుండె పని చేస్తున్నది. పా, సూపిస్త."

హాలు పక్కనున్న మెట్ల దగ్గరికి తీసుకెళ్లారు. "బగారన్నం ఎట్ల వండుతవో చెప్పుకుంట ఎక్కు. మాట రాకుంట అయిందంటే జోరు ఎక్కువైనట్టు, జెర మెల్లగ ఎక్కు." నేను నూనె పోసి, మసాలాలు వేసి, ఉల్లిగడ్డ వేయించి, బియ్యం వేసేసరికి మిద్దె మీదికి చేరాం. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. అలవాటుగా కూలబడబోతే మేడం రెక్క పట్టుకున్నారు.

"కూసోకు! ఒక్కసారే ఆగొద్దు. మెల్లగ నడువు."

నా వేళ్లు నా మణికట్టు మీదే పెట్టించారు. వేళ్ల కింద నాడి ఎవరో తరుముతున్నట్టు కొట్టుకుంటోంది. అటూ ఇటూ నడుస్తుంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య కొంచెం కొంచెం ఎడం పెరిగింది. ఎవరూ ఆపమనలేదు, మందు వేయలేదు. దానంతట అదే నెమ్మదించింది. నా కళ్ల వెంట నీళ్లు కారాయి.

"ఏడిస్తే మళ్ల జోరెక్కుతది, ఆపు" అన్నారు మేడం. "ఇంకోటి, నీ బగారన్నంల ఉప్పు ఎయ్యలే."

మర్నాడు కంపెనీ మెట్ల మలుపు దగ్గర సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. "కూసోవా అక్కా ఇయ్యాల?" అన్నాడు వెటకారంగా. "కూసుంటే లైను ఎట్ల నడుస్తది సారూ?" అని దాటిపోయాను. నెలలు గడిచేకొద్దీ దడ తగ్గింది. గుండె కూడా కండేనని, పని చేసేకొద్దీ బలపడి ఒక్క దెబ్బకు ఎక్కువ నెత్తురు నెడుతుందని, అందుకే తొందర తగ్గిందని మేడం చెప్పారు.

మేడం ఇప్పుడు లేరు. నేను ఇంకా ఆ రెండో అంతస్తులోనే పని చేస్తున్నాను. అక్షరాలిచ్చినందుకు ఆమెకు ఎంత రుణపడ్డానో, ఇంకొకందుకు అంతకంటే ఎక్కువ రుణపడ్డాను. ఏళ్ల తరబడి అమ్మను తలచుకోవాలంటే నాకు భయం వేసేది. ఆమె చావు నా ఛాతీలోనూ దాక్కుని ఉందనుకునేదాన్ని. ఇప్పుడు అమ్మ గుర్తొస్తే దుఃఖం ఒక్కటే వస్తుంది. తనివితీరా ఏడుస్తాను, లేచి పనికి పోతాను.