పద్నాలుగో వరుసలో ఆయ్

దెయ్యం, ద్రోహం, వేల ప్రాణాలు ఉన్న మహాగాథ ఒకటి మూడేళ్ళుగా గుండెల మీద మోస్తున్నాను, వినండి. అంటే, మరీ అంత లేదు. ప్రాణాలు రొయ్యలవి. దెయ్యం ఒక కంప్యూటర్ ప్రోగ్రాం. ద్రోహం మాత్రం అసలుదే, నాదే. ఇప్పటికీ ఫోన్ మోగితే ముందు ఎవరిదో పేరు చూస్తాను, తర్వాతే ఎత్తుతాను.

ఉప్పలగుప్తం దగ్గర మా మావయ్యగారి రొయ్యల చెరువుల మీద, షెడ్డులో, ఒక లినక్స్ సర్వర్ పెట్టాను. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే అది కాపలా కాసే సత్తిబాబు గారికి ఫోన్ చేస్తుంది. అలా తెర వెనక కూర్చుని పనిచేసే ప్రోగ్రాంని డీమన్ అంటారు. ఆ పేరు విని మా అమ్మ సర్వర్‌కి నిమ్మకాయలు కట్టింది.

సత్తిబాబు గారికి ఏం చెప్పినా "ఆయ్" అనేవారు. అవునన్నా అదే, విన్నానన్నా అదే. మా వైపు అందరూ అంటారు, ఆయన మరీను. ఒకరోజు సెట్టింగుల ఫైల్లో ఆయన నంబరు సరిచూస్తూ, సరదాకి దాని కింద "ఆయ్" అని కొట్టాను. పద్నాలుగో వరుస. నవ్వుకుని సేవ్ చేశాను. డీమన్ ఆ ఫైలుని మొదలయ్యేటప్పుడు మాత్రమే చదువుతుంది. కాబట్టి నా జోకు పది రోజులు చప్పుడు చెయ్యకుండా పడుకుంది.

పదకొండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. సర్వర్ లేచింది, డీమన్ లేవలేదు. తెర మీద ఎర్రగా "ఫెయిల్డ్". మళ్ళీ స్టార్ట్ చేశాను. మళ్ళీ ఎరుపు. సరిగ్గా అప్పుడే సత్తిబాబు గారు కిటికీలోంచి తొంగిచూశారు.

"బాబుగారూ, అన్నం తినేసొత్తానండి. ఫోను మోగుద్ది కదండీ?"

"ఆయ్," అన్నాను, తలెత్తకుండా.

విన్నాను అని నా అర్థం. మోగుతుందని ఆయన అర్థం. ఇలా అని నాకు నేను చెప్పుకుంటాను. నిజంగా నా అర్థం అదేనా? "ఆగండి, ఇంకా లేవలేదు" అనడానికి ఎంత సేపు పట్టేది? చేతకానివాడిలా కనపడతానేమోనని అనలేదు.

పద్నాలుగో వరుస అర్థం కావడం లేదని డీమన్ మొదటినుంచీ లాగ్‌లో, అంటే తన చిట్టా ఫైల్లో, మొత్తుకుంటూనే ఉంది. నేను పర్మిషన్లు చూశాను, డిస్కు చూశాను, నెట్‌వర్క్ చూశాను, నా తప్పు దొరికే ఒక్క చోటు తప్ప అన్నీ చూశాను. చివరికి లాగ్ చదివాను. ఆ వరుస చెరిపాను. డీమన్ లేచింది, లేస్తూనే సత్తిబాబు గారికి ఫోన్ చేసింది. కరెంటు వచ్చినా రెండో చెరువులో నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరగలేదు. అప్పటికి గంటన్నర. రొయ్యలు పైకి తేలిపోయాయి.

మావయ్యగారు షెడ్డుకి వచ్చేలోపు తెర మీది ఎర్ర వరుసలన్నీ తుడిచేశాను.

"ఏవయ్యా సత్తిబాబూ, ఫోన్ మోగితే ఎత్తవా?"

"ఇంతకుముందు మోగలేదండి. మోగగానే కంచం వదిలేసి వచ్చేనండి."

"మెషీనుకి కునుకు రాదయ్యా, నీకొచ్చింది." నా వైపు తిరిగారు. "ఏరా, అది పనిచేస్తోందా?"

తెర మీద పచ్చగా "రన్నింగ్" అని ఉంది.

"ఆయ్."

ఆ నిమిషానికి అది నిజం. అంత నిజాయితీగా నేనెప్పుడూ అబద్ధమాడలేదు.

సత్తిబాబు గారు నన్నే చూశారు. "అయితే నాకే వినపడలేదేమోనండి," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నన్ను నమ్మారు, తనని తాను నమ్మడం మానేశారు.

మర్నాటి నుంచి ఆయన్ని పనిలోకి రావద్దన్నారు మావయ్యగారు. చుట్టుపక్కల ఏ చెరువు మీదా ఆయన్ని కాపలాకి పెట్టుకోలేదు. ఇప్పుడు ఆయన పేరు కునుకు సత్తిబాబు. అమలాపురం వెళ్ళి చెవుల డాక్టరుకి చూపించుకున్నారట. చెవులు బాగానే ఉన్నాయన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన ఎప్పుడో ఒకప్పుడు లెక్క తేల్చుకుని నా గుమ్మంలోకి వస్తారని భయం. రాకుండానే పోతారేమోనని అంతకన్నా భయం.

చెప్పేశాను. మీకు చెప్పాను, ఆయనకి కాదు, ఆ తేడా నాకు తెలుసు. అయినా కాస్త ఊపిరాడుతోంది.

అలాంటి సెట్టింగుల ఫైల్లో సరదా మాట రాసుకోవాలంటే ముందు # గుర్తు పెట్టాలి. అప్పుడు డీమన్ ఆ వరుస వదిలేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని మూడు నొక్కితే వస్తుంది.