కన్నమ్మకు కుదిరిన రక్తం

2022 వానాకాలం. బస్తర్లోని సుక్మాలో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో నేను టెక్నీషియన్ని. మా నాన్న గని ఉద్యోగానికని ఆంధ్ర నుంచి బచేలీ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అందుకే తెలుగు మాట్లాడే పేషెంటు ఎవరొచ్చినా నర్సులు నా మీదకి తోసేవాళ్లు. ఆ వారమంతా ఒకటే ముసురు. కిటికీ బయట కొండా, చెట్లూ, రోడ్డూ అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. లోపల ఫ్రిజ్ సన్నగా మూలుగుతూ ఉండేది. పొద్దున్నో మధ్యాహ్నమో తెలియని ఆ వెలుతురులో పని చేస్తుంటే నీళ్ల అడుగున కూర్చున్నట్టుండేది. నాకది ఇష్టమే.

కన్నమ్మని గొల్లపల్లి వైపు నుంచి తీసుకొచ్చారు. దోర్లా తెగ పిల్ల, ఇరవై దాటి ఉంటుంది. పుట్టుకతోనే సికిల్ సెల్. అంటే ఎర్రకణాలు గుండ్రంగా ఉండకుండా కొడవలిలా వంగి, తొందరగా చితికిపోతాయి. మా వైపు చాలా ఇళ్లలో ఉన్న జబ్బే. కళ్లు పచ్చబడి, పెదాలు పాలిపోయి, ఊపిరి ఎగపోస్తోంది. "ఈ పూట రక్తం ఎక్కించకపోతే గుండె తట్టుకోదు," అన్నారు డాక్టరుగారు.

శాంపిల్ తీయడానికి నేనే వెళ్లాను. మంచం మీద కన్నమ్మ పాదాలు ఒళ్లో పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది.

"పేషెంట్ పేరేంటమ్మా?" అని అడిగాను. ట్యూబు మీద పేరు రాసే ముందు నోటితో చెప్పించుకోవడం మా పద్ధతి.

ఆమె తల దించుకుంది. మళ్లీ అడిగితే ఇంకా దించుకుంది. నాకు ఒళ్లు మండింది. పేరు కూడా తెలియని మనిషిని తోడు ఎవరు పంపారు?

పక్కనున్న కన్నమ్మ అన్న అందుకున్నాడు. "ఆమె చెప్పది దీదీ. ఇద్దరు మహాప్రసాద్ గదా, పేరు తియ్యొద్దు. చెల్లె పేరు కన్నమ్మ, రాసుకో."

బస్తర్లో ఇది మామూలే. చుట్టరికం లేని ఇద్దరు దేవుడి ముందు ప్రసాదం మార్చుకుని మహాప్రసాద్ అవుతారు. ఆ తర్వాత ఒకరి పేరు ఒకరు పలకరు. పెళ్లికీ చావుకీ సొంతవాళ్లలా నిలబడతారు. ఆమె పేరు బుధరి, హల్బీ మాట్లాడేవాళ్ల పిల్ల. చిన్నప్పుడు కుంట అనే ఊళ్లో పక్కపక్క ఇళ్లలో పెరిగారట.

కన్నమ్మది బీ పాజిటివ్. ఫ్రిజ్‌లో ఆ గ్రూపు బ్యాగులు ఉన్నాయి. ఇంకేం, ఇట్టే అయిపోతుందనుకున్నాను. క్రాస్‌మ్యాచ్ పెట్టాను. పేషెంటు సీరమ్‌లో దాత ఎర్రకణాలు కలిపి, ఒంటి వేడిలో కాసేపు ఉంచి, కూంబ్స్ అనే మందు వేసి చూడడమే ఈ పరీక్ష. పడితే రక్తం నున్నగా కదులుతుంది. పడకపోతే రవ్వ రవ్వగా ముద్దకడుతుంది. మొదటి బ్యాగు ముద్దకట్టింది. రెండోదీ అంతే. ఉన్నవన్నీ అంతే.

అప్పుడు కన్నమ్మని అడిగాను, ఇదివరకు రక్తం ఎక్కించారా అని. "భద్రాచలంల ఎక్కిచ్చిన్రు. జగదల్‌పూర్‌ల గూడ," అంది మెల్లగా.

ఎర్రకణాల మీద గ్రూపు గుర్తులే కాదు, చిన్నా చితకా గుర్తులు ఇంకా బోలెడు ఉంటాయి. వాటినే యాంటిజెన్లు అంటాం. మన ఒంట్లో లింఫోసైట్లనే తెల్లకణాలు లెక్కలేనన్ని తిరుగుతుంటాయి. ఒక్కోటి ఒక్క ఆకారాన్నే పట్టగలదు. ఆ ఆకారం ఎప్పుడు ఎదురవుతుందో దానికి తెలియదు. చాలావరకు ఏదీ ఎదురుకాకుండానే రాలిపోతాయి. ఎప్పుడో ఒకదానికి తన ఆకారం తగులుతుంది. టీ సెల్ అనే ఇంకో కణం పక్కకొచ్చి సరేనంటే, అది తనలాంటివి వేలకు వేలు పుట్టిస్తుంది. కొన్ని యాంటీబాడీలు తయారుచేస్తాయి. కొన్ని మెమరీ సెల్స్‌గా మిగిలి, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా కాచుకుంటాయి. రెండోసారి అదే గుర్తు కనిపిస్తే ఇక ఆలస్యం ఉండదు. వాన చప్పుడు వింటూ ఇవి తలుచుకుంటే, నా ఒంట్లో కూడా ఎవరెవరో ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు అనిపిస్తుంది.

కన్నమ్మ ప్రాణం కాపాడిన పాత బ్యాగుల్లో ఏదో పరాయి గుర్తు ఉంది. ఆమె ఒళ్లు దాన్ని మర్చిపోలేదు. ఏ గుర్తో తేల్చాలంటే శాంపిల్ జగదల్‌పూర్ పంపాలి. వాగు పొంగి ఆ రోడ్డు తెగిపోయింది.

ఒక తల్లి బిడ్డల్లో కుదిరే అవకాశం ఎక్కువ. అన్నని పరీక్షిస్తే గ్రూపే వేరు. తమ్ముడిలోనూ సికిల్ లక్షణం ఉంది, అతని రక్తం ఈమెకి పనికిరాదు. వాళ్ల గోత్రం కుర్రాళ్లు తడుస్తూ మోటార్‌సైకిళ్ల మీద వచ్చారు. గ్రూపు కలిసిన ప్రతివాడిదీ ముద్దకట్టింది. ఆ ట్యూబులు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

తలుపు దగ్గర బుధరి నిలబడి ఉంది. "నాది జూడు దీదీ."

"నువ్వు చుట్టానివి కాదు కదమ్మా," అన్నాను నీరసంగా.

"ఏంది, కాదా? మరి నేనెవర్ని?"

వేలు చాపమన్నాను. బీ పాజిటివ్. సికిల్ లేదు. మిగతా పరీక్షలూ బాగున్నాయి. క్రాస్‌మ్యాచ్ ట్యూబుని దీపం ముందు వంచాను. రక్తం నున్నగా, తేలిగ్గా జారింది. నమ్మలేక మొదటినుంచీ మళ్లీ చేశాను. మళ్లీ నున్నగానే జారింది. కుర్చీలో కూలబడి నవ్వుకున్నాను.

ఇందులో మాయేం లేదు. కన్నమ్మ ఒళ్లు పగబట్టిన గుర్తు బుధరి కణాల మీద లేదు, అంతే. అయినా అప్పటినుంచి దాత దొరకనప్పుడు చుట్టాల గురించి అడిగాక, మహాప్రసాద్ ఎవరైనా ఉన్నారా అని కూడా అడుగుతున్నాను.

బుధరి రక్తం ఎక్కించాక, మర్నాటికి కన్నమ్మ లేచి కూర్చుని జావ తాగింది. బుధరి నన్ను వరండాలోకి పిలిచింది.

"దీదీ, నా రక్తం ఆమె లోపట ఎప్పటికీ ఉంటదా?"

"ఉండదు. నాలుగు నెలల్లోపే ఆ కణాలు అరిగిపోతాయి."

"ఆమె ఒంటికి యాదన్నా ఉంటదా?"

అబద్ధం చెప్పాలనిపించింది, కానీ చెప్పలేదు. "గొడవపడ్డవాళ్లనే ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది బుధరీ. కలిసిపోయినవాళ్ల జాడ కూడా ఉంచుకోదు."

ఆమె నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు నవ్వింది.

"ఒళ్లు మరిస్తే మరవనీ దీదీ. ఆమె మరవది గదా."