మేం నేయని నీలం

గద్వాలలో మాది నేతిల్లు. మా మామయ్య మగ్గం మీద కూర్చుంటే, వచ్చినవాళ్లకు చీరలు చూపించేది నేను. కిందటి మాఘంలో వనపర్తి నుంచి తల్లీకూతుళ్లు పెళ్లిచీర కోసం వచ్చారు. ఆ అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టి, "గిట్ల కావాలె అక్కా" అంది.

ముదురు నీలం ఒళ్లు, దాని మీద నల్ల చారలు, చుట్టూ మడతలు పడ్డ నారింజ అంచు, ఒక కొసన అదే రంగు కుచ్చు. బేరం చేజారకూడదని, సరిగా చూడకుండానే అనేశాను.

"గిది మా ఇంట్ల నేసిందే. పోయినేడు మా మామనే నేసిండు."

అమ్మాయి ఫోటోను వేలితో జరిపింది. నీలం చివర రెండు కొమ్ములు కనిపించాయి.

"గిది చీర కాదక్కా, సముద్రంల ఉండే గుల్ల లేని నత్త. హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ దాకా పగడాల మీద తిరుగుతదంట. రంగుల కోసం చూపిచ్చిన, అంతే."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నా ముఖం మాడిపోయింది. వెనక మగ్గం చప్పుడు ఆగింది. మామయ్య లేచి వచ్చి ఫోటోను చాలాసేపు చూశారు.

"రంగులు మంచిగున్నయి బిడ్డా, నేసిస్త" అని ఆ అమ్మాయికి చెప్పారు. తర్వాత నా వైపు తిరిగి, "నేను నెయ్యనిది నేసిన్నని చెప్పకమ్మా" అన్నారు మెల్లగా.

ఆ నీలం చీర మగ్గం మీద ఉన్నన్నాళ్లూ ఆయనకు టీ ఇచ్చి, తలెత్తకుండా వచ్చేసేదాన్ని. ఇప్పుడు ఎవరు ఫోటో చూపించినా ముందు దాన్ని పెద్దది చేసి చూస్తాను. తర్వాత మగ్గం వైపు చూస్తాను. అప్పుడు గానీ నోరు తెరవను.