గాజులు పగలని దారి

…అందుకే చెబుతున్నాను, సైకిలు తొక్కడం మీకు బాగా వచ్చనుకుంటే, వెనక క్యారియర్ మీద ముప్పై డజన్ల మట్టి గాజులు కట్టుకుని, చీమకుర్తి దాటాక తారు అయిపోయిన చోటి నుంచి ఒక్క కిలోమీటరు తొక్కి చూడండి. మీకైతే ముందు నడుం గుర్తొస్తుంది. ఊరూరా గాజులమ్మే సిలార్‌కి మాత్రం పద్దెనిమిదేళ్లలో ఏనాడూ నడుం గుర్తురాలేదు. ఆయన చెవులు రెండూ వెనక పెట్టెలోనే ఉండేవి.

రాయిని చూస్తే చాలు, గాజు ఏమవుతుందో చెప్పేవాడు. "ఎర్ర గ్రావెల్ మీద గాజు నిద్రపోయిద్ది. గులకరాళ్ల మీద అటూ ఇటూ దొర్లిద్ది. రోలర్ ఎక్కని కంకర మీద లేచి కూచుని ఏడ్చిద్ది" అనేవాడు. తారు అయిపోగానే దిగి రెండు టైర్లలోంచీ కాస్త గాలి వదిలేవాడు. మెత్తటి టైరు రాయిని మింగుతుంది, బిగువు టైరు రాయిని తంతుంది. మళ్లీ తారు ఎక్కేటప్పుడు పంపు కొట్టుకునేవాడు. ఎత్తు వచ్చినా, పల్లం వచ్చినా దిగి నడిపించడమే. కొండ పల్లంలో సైకిలెక్కి కూర్చోవడం గాజులమ్మేవాడు చేసే పని కాదని ఆయన లెక్క.

ఇంత తెలిసిన మనిషికి దారే లేకుండా పోయిందన్నదే ఆయన కోపం. ఆయన ఊరికీ మోదుగులపల్లికీ మధ్య నక్కలగట్టు అనే కొండ ఉంది. గట్టు మీదుగా పోతే ఏడు కిలోమీటర్లు. చుట్టూ లారీల రోడ్డు పట్టుకుంటే ఇరవై రెండు. గ్రానైటు దిమ్మెలు మోసే లారీలు ఆ రోడ్డులో దూడ పడుకునేంత గుంటలు చేశాయి. గట్టు దారే నయమనుకుంటే, తూర్పు పక్క కొత్త క్వారీ పడింది. పనికొచ్చే రాయి విదేశాలకు పోయేది, పనికిరాని రాయి సిలార్ దారి మీదికి వచ్చేది. ఈ నెల ఉన్న మలుపు వచ్చే నెల ఉండేది కాదు.

రెండు వేల నాలుగు. కళ్లాల నిండా మిరపకాయలు ఆరుతున్న రోజులు. మోదుగులపల్లి సుబ్బరావమ్మ కోడలు శ్రీరమ్యకు సీమంతం పెట్టుకున్నారు. నెలలు నిండి చేతులు వాచాయి, మామూలు సైజు ఎక్కదు. సిలార్ వారం ముందే వెళ్లి చెయ్యి కొలిచాడు. రెండు ఎనిమిది సైజు, ఆకుపచ్చవి, చేతికి పదకొండు చొప్పున.

"గురువారం ఒంటిగంటన్నరకి రాహుకాలం వచ్చిద్ది. ఈలోపు నువ్వు గాజులు తొడగాల," అంది సుబ్బరావమ్మ. "మొన్న కూడా సగం ముక్కలే తెచ్చావు. ఒంగోలు నుంచి మోపెడ్ మీద వస్తన్నాడే, ఆయన ప్లాస్టిక్ గాజులు తెచ్చుకోమని ఊరంతా నా చెవి కొరుకుతన్నారు. నేనే ఆపా. ఈసారి తప్పావంటే ఇంక నీకూ ఈ ఊరికీ చెల్లు."

మోదుగులపల్లి పోతే గట్టు అవతలి ఊళ్లన్నీ పోయినట్టే. సుబ్బరావమ్మ ఎవరి దగ్గర కొంటే మిగతా ఊళ్లూ వాళ్ల దగ్గరే కొంటాయి.

అందుకని సిలార్ సోమవారమే గట్టెక్కాడు. ఎద్దుబండి చక్రాలకు వేయగా మిగిలిన ఎర్ర పెయింటు డబ్బా పట్టుకెళ్లి, రాళ్ల దిబ్బల మధ్య గాజు కదలని దారి వెతికాడు. ఎక్కడ తిరగాలో అక్కడ ఒక రాయి మీద అంకె వేశాడు. ఒకటి నుంచి పద్నాలుగు దాకా. సాయంత్రం ఇంటికొచ్చి, తన బతుకులో తానే వేసుకున్న రోడ్డు ఇదొక్కటేనని భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు.

గురువారం పొద్దున భార్య జహీరున్నీసా పత్తి మిల్లులో ఏరుకొచ్చిన దూదిలో ఆ ఆకుపచ్చ గాజుల్ని ఒక్కొక్కటీ పొదిగి పెట్టెలో సర్దింది.

"నన్నెక్కించుకుని ఏ రోజన్నా ఇంత మెల్లగా తొక్కావా?" అంది.

"నువ్వు పగలవుగా."

"పగిలినా నీకు తెలవదులే. నీ చెవులు పెట్టెలో ఉంటయ్యిగా."

పదింటికి బయల్దేరాడు. ఒకటో రాయి ఉంది. రెండు, మూడు, నాలుగు, ఐదు ఉన్నాయి. ఆరో రాయి లేదు. రాయి ఉన్నచోట గుంట ఉంది, గుంట పక్కన క్రేను చక్రాల జాడ. ఏడూ లేదు. ఎనిమిదీ లేదు. ఏ దిబ్బ చూసినా ఒక్కలాగే ఉంది. సిలార్ సైకిలు తోసుకుంటూ గంటసేపు తిరిగి, చివరికి క్వారీ గుంట అంచున తేలాడు. క్వారీలో పనిచేసే తోమా ఎర్ర జెండా పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఆగన్నా. పన్నెండింటికి బ్లాస్టింగ్. అది అయిందాకా ఎవుర్నీ వదలను."

"నా రాళ్లేయిరా?"

"ఏం రాళ్లు?"

"ఎర్రంకెలేసినయ్యి."

తోమా నవ్వాపుకోలేక జెండా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నవ్వు విని సూపర్‌వైజర్ రామకాంత్ షెడ్డులోంచి వచ్చాడు. ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. క్వారీల్లో రాయి కొలిచినవాళ్లు ఎర్ర పెయింటుతో నంబరు వేస్తారు. నంబరు పడిన రాయిని క్రేను ఎత్తి యార్డులో దించుతుంది. అక్కడి పద్ధతి అదే. సిలార్‌కి అది తెలియక కాదు, పద్దెనిమిదేళ్లుగా చుట్టుపక్కల పాత క్వారీల్లో చూస్తున్నదే. తన అంకెలు కూడా అలాగే కనబడతాయని మాత్రం తట్టలేదు.

"అంటే వేస్టు రాళ్లకి నంబర్లేసింది నువ్వా?" అన్నాడు రామకాంత్. "క్రేనుకి తొమ్మిది ట్రిప్పులు పెట్టించావయ్యా. యార్డులో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు."

"నేను దారి కోసం ఏసుకున్నానండి."

"ఇది క్వారీ. నీ దారి కాదు."

"మీ క్వారీ నిన్నగాక మొన్న వచ్చిందండి. నేను పద్దెనిమిదేళ్ల నుంచి పోతన్నా."

"కాగితం ఉందా?"

దారికి కాగితం ఏమిటో సిలార్‌కి అర్థం కాలేదు. సైరన్ మోగింది. పెట్టెను ఒళ్లో పెట్టుకుని, ఒంగి, గట్టు అదిరినంతసేపూ దాన్ని కడుపుకి అదుముకుని కూర్చున్నాడు. అంత అదురులోనూ ఒక్క గాజు పగల్లేదు. అన్ని మందులూ పేల్చి, పొగ తగ్గి, తోమా జెండా దించేసరికి ఒంటిగంట అయింది.

అవతలి పల్లం పైన నిలబడితే సుబ్బరావమ్మ ఇంటి ముందు వేసిన టెంటు కనబడింది. నడిపించుకుంటూ దిగితే ముప్పావు గంట. తొక్కితే పది నిమిషాలు. కిందంతా పొద్దున్నే దింపిన కొత్త కంకర. సిలార్ మీరనుకుంటున్నదే చేశాడు. సైకిలెక్కాడు. సగం దిగాక వెనక పెట్టెలోంచి మొదటి చప్పుడు వినిపించింది. బ్రేకు నొక్కితే చక్రం జారుతోంది, వదిలితే పెట్టె ఎగురుతోంది. ఆ తర్వాత చప్పుళ్లు లెక్కపెట్టడం మానేశాడు.

ఒంటిగంటా ఇరవైకి టెంటు కింద పెట్టె తెరిచాడు. దూది నిండా పచ్చటి ముక్కలు. రెండు ఎనిమిది సైజులో పదకొండే నిలిచాయి.

"టయానికైతే వచ్చావు సిలారూ," అంది సుబ్బరావమ్మ. "ఏం తెచ్చావో నువ్వే చెప్పు."

"తప్పు నాదే పెద్దమ్మా."

"ఆ చేతికి సగం, ఈ చేతికి సగం వేద్దామా?" అని ఎవరో అన్నారు.

"సగం సగం ఏసేదేంది? మా ఇంట్లో అట్టాంటియ్యి లేవు. కుడిచేతికి నిండా తొడుగు."

శ్రీరమ్య చెయ్యి చాపింది. "నొప్పి పుట్టకుండా ఎక్కించేది నువ్వే బాబాయ్. ఏడిచినట్టు మొహం పెట్టబాక," అంది మెల్లగా. సిలార్ ఆమె వేళ్లు మడిచి, కణుపులు నొక్కి, పదకొండూ ఎక్కించాడు. ఎడమచెయ్యి బోడిగానే ఉండిపోయింది.

"ఆదివారం పొద్దున పెదకాకాని నుంచి పుట్టింటోళ్లు వచ్చి తీసుకెళ్తారు," అంది సుబ్బరావమ్మ. "శనారం పొద్దుగూకే లోపల రెండో చెయ్యి నింపు. లేకపోతే మోపెడాయన్ని పిలిపిస్తా."

శుక్రవారం ఒంగోలు వెళ్లి అవే గాజులు పదకొండు తెచ్చాడు. శనివారం పొద్దున గట్టు కింద తారు అయిపోయిన చోట దిగి, గాలి వదిలి, తలెత్తి చూశాడు. దారికి అడ్డంగా మనిషిలోతు కందకం. అవతల తోమా నిలబడి ఉన్నాడు.

"నీ నంబర్ల గొడవైనాక సారే తవ్విచ్చాడన్నా. ఇంకెవురూ పెయింటు డబ్బాలు పట్టుకుని రాకుండా."

సిలార్ పంపు తీసి టైర్లకు గాలి కొట్టి, లారీల రోడ్డు పట్టాడు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర గుంటలో పడి ముందు చక్రం ఊచలు నాలుగు తెగాయి. లారీ డ్రైవరొకడు ఆపి ఎక్కమన్నాడు. ఆ లారీ ఊగే తీరు చూసి సిలార్ వద్దన్నాడు. ముందుకి పదమూడు కిలోమీటర్లు, వెనక్కి తొమ్మిదే అనుకుని, సైకిలు మోసుకుని వెనక్కి నడిచి ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది.

మోదుగులపల్లికి ఆయన మళ్లీ వెళ్లలేదు. ఆ పక్క ఊళ్లన్నీ మోపెడాయనవే అయ్యాయి. శ్రీరమ్యకు ఆడపిల్ల పుట్టిందని తోమా చెప్పాడు. పదకొండు ఆకుపచ్చ గాజులు దూదిలో పొదిగినవి పొదిగినట్టే అటక మీద ఉన్నాయి.

"పెదకాకానికి బస్సులు లేవా ఏంది? పోయి ఆ పిల్ల చేతికి తొడిగి రా," అంటుంది జహీరున్నీసా, ఎప్పుడు ఇల్లు దులిపినా.

"పోతా," అంటాడు సిలార్. "ఈ మిరపకోతలు కానీ."