పసుపు రాయి కాడ బండి మలుపు

బసవమ్మ మాట్లాడితే ఒక బాధ, మాట్లాడకుంటే ఇంకో బాధ. మరిది జంగయ్యతోని ఏడాది సంది మాట బంద్ పెట్టింది. ఎందుకంటే ఖిల్లా ఘణపూర్ కాడ గుట్ట కింద ఆయన పాలుకొచ్చిన రాళ్ల బీడును జీపుల పార్కుకు కౌలుకిచ్చిండు. పట్నం పిలగాళ్లు ఇంతింత టైర్ల జీపులేసుకొని వచ్చుడు, బండల మీదికి ఎక్కిచ్చుడు, బురదల పొర్లిచ్చుడు, పొద్దుగూకితే డేరాలేసుకొని పండుడు. గదీ పార్కంటే. "సక్కటి రోడ్డుండంగ బండల మీద నడుపుడేందే? సుఖమెక్కువైతే గిట్లనే ఉంటది" అని ఊరంత నవ్వింది.

బసవమ్మ నవ్వలేదు. ఆ బీడులనే వాళ్ల ఇంటి మైసమ్మ ఉన్నది. గుడి లేదు, గోపురం లేదు. మోకాలెత్తు రాయి, పక్కకు ఒక యాపచెట్టు, అంతే. కాని ఆ ఇంటి కోడళ్లు మంగళారం పూట ఆ రాయికి పసుపు పూయంది పొయ్యి ముట్టియ్యలే.

"తల్లిని జీపుల కింద పడేస్తవా జంగయ్యా? ఇగ నీ గడప తొక్కితే ఒట్టు!" అని మొకం మీదనే అన్నది. ఆయన ఏదో చెప్పబోయిండు. బసవమ్మ చెప్పనిస్తే గద! ఆనాటి సంది బీడు దిక్కు గూడ పోలేదు.

ఒట్టు పెట్టుకునుడు అల్కనే. కాని బిడ్డ యమునకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలబడ్డప్పుడు బసవమ్మ ఉన్నకాడనే చేతులెత్తి మొక్కింది. "తల్లీ పిల్లా సల్లగ బయటపడితే నీ కాడికొచ్చి బోనం పెడ్త మైసమ్మా" అన్నది. మొన్న వనపర్తి దవాఖానల ఆడపిల్ల పుట్టింది. ఇద్దరు సల్లగున్నరు. ఇగ మొక్కు తీర్చాలె. తీర్చాలంటే ఆ బీడుకు పోవాలె. పోయినంక తల్లి ముక్కలై కనపడితే? ఏ మొకం పెట్టుకొని ఇంటికి రావాలె, పసిగుడ్డుకు ఏమైతదో? ఇదే రంధి ఆమెకు. ముద్ద మింగబుద్ధి గాలేదు.

ఆదివారం పొద్దున తలకు పోసుకొని, బెల్లం బువ్వ వండి, కొత్త కుండకు యాపమండలు కట్టి నెత్తినెత్తుకున్నది. మరిది ఇంటి ముందరికెల్లి పోతే దగ్గర. అయినా సరే, ఊరు సుట్టు తిరిగే పోయింది. గంత మొండి మనిషి.

గేటు కాడ వాచ్‌మన్ ఆపుదామని లేచి, నెత్తి మీది బోనం జూసి దండం పెట్టి తొవ్విడిచిండు. లోపల చూస్తే ఏముంది? ముళ్లకంప కొట్టేసిండ్రు, ఎటు జూసినా కొత్త బాటలు, డేరాలు. పాత గుర్తు ఒక్కటి లేదు. తిరిగి తిరిగి కాళ్లు గుంజుతుంటే, ఒక మలుపుల పసుపు రాయి కనపడ్డది, నడుమ ఎర్ర బొట్టుతోని! పక్కకు యాపచెట్టు లేదు, కొట్టేసిండ్రేమో అనుకున్నది. అయినా బసవమ్మకు పాణం లేచొచ్చింది. "ఉన్నవా తల్లీ!" అని బోనం దించి, దీపం ముట్టిచ్చి, కొబ్బరికాయ కొట్టి, సగం బువ్వ ఆకుల పెట్టి సాగిలపడ్డది.

"పెద్దమ్మా, లెవ్వు! బండ్లొస్తయ్!" అనుకుంట ఒక పిల్ల ఉరికొచ్చింది. పేరు ప్రవళిక, పార్కుల పనికి కుదిరి వారం గూడ గాలేదు. "అది దేవుడు గాదు పెద్దమ్మా, మలుపు గుర్తు. పసుపు రాయి కనపడితే బండి పక్కకు తిప్పాలె. పార్కు నిండ గివే ఉన్నయ్."

తలెత్తి చూస్తే నిజమే. అగో ఒకటి, దాని అవతల ఇంకొకటి.

"ఓయమ్మో! మైసమ్మ బువ్వ మలుపు గుర్తుకు పెడ్తినే!" అని బసవమ్మ నెత్తి కొట్టుకున్నది. "మరి మా తల్లేది? పలగ్గొట్టిండ్రా?"

"నాకు తెల్వదు పెద్దమ్మా. జంగన్నకు ఫోన్ జేస్త" అన్నది ప్రవళిక.

ఎవరి మొకం చూడొద్దనుకున్నదో ఆయనే వచ్చిండు. ఒకప్పుడు ట్రాక్టరు నడిపిన జంగయ్య ఇప్పుడు అక్కడ జీపు నడుపుతుండు. "ఎక్కు వదినే, సూపిస్త" అన్నడు. జీపుకు గడప లేదు గద అని మనసుకు సర్దిచెప్పుకొని ఎక్కింది. ఇగ చూడు! జీపు బండెక్కుతుంటే ఆకాశం తప్ప ఏం కనపడలే, దిగుతుంటే భూమి తప్ప ఏం కనపడలే. ఒళ్లె బోనం గట్టిగ పట్టుకొని, తిట్లు సగం, దండాలు సగం చేసుకుంట పోయింది.

గుట్ట మలిగినంక యాపచెట్టు కనపడ్డది. కింద మైసమ్మ! ఒక్క పెచ్చు గూడ లేవలే. జీపుల బాట దూరంకెల్లి వచ్చి, తల్లిని జూసి భయపడ్డట్టు పక్కకు మలిగిపోయింది. బసవమ్మ పోయి రాయిని అల్లుకొని ఏడ్చింది. ఏడాది బరువు దిగేదాక ఏడ్చింది. ఇగ నా మనవరాలికి ఏం భయం లేదు అనుకున్నది.

కండ్లు తుడుసుకుంటుంటే చేతికి పసుపు అంటలే. గోరుతోని గీకి, వాసన జూసింది. "ఇదేంది జంగయ్యా? తల్లికి పెయింటేసినవా!"

ఏడాదికి ఆయనతోని ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

జంగయ్య నెత్తి గోక్కున్నడు. "నువ్వు రాకపోతివి. నేనే పసుపు పూసిన వదినే. వానొచ్చినప్పుడల్ల కడ్గుకపోయేది. పసుపు లేకుంటే పట్నపోళ్లకు ఇది ఉత్త రాయే గద, ఎక్కిస్తరు. అందుకే పెయింటేసిన. పసుపు రాయి కాడ బండి తిప్పాల్సిందే, లేకుంటే భూమి వాపస్ తీసుకుంట అన్న. వాళ్లు ఒప్పుకొని మలుపు రాళ్లన్నిటికీ బొట్టుతోసహ అదే రంగేసిండ్రు. తల్లికి ఏం గానియ్యనని ఆ రోజే చెప్పబోతే నువ్వు ఇనలే."

బసవమ్మకు ఏడుపుల నవ్వొచ్చింది. "తల్లికి తలుపులకేసినట్టు రంగేస్తరా, నీ తెలివి తెల్లారిపోను!" అని పసుపు కలిపి, పెయింటు మీదనే నిండ పూసి బొట్టు పెట్టింది. మిగిలిన సగం బోనం పెట్టి, ప్రసాదం ముందుగాల మరిది చేతులనే పెట్టింది.

"మంగళారం సంది నేనే వస్త. నువ్వు బ్రష్షు ముట్టకు."

"మరి ఇంటికి రావా వదినే? ఒట్టు ఒట్టేనా?"

బసవమ్మ కుండ కడిగి చంకనెత్తుకున్నది. "ఒట్టు పెట్టుకున్నది నేను. నా మనవరాలు పెట్టుకోలే గద. పురుడెల్లినంక దాన్నెత్తుకొని వస్త. ముందుగాల దాని కాళ్లు నీ గడపకు ఆనిస్త. దాని ఎనక నేనొస్త."