అమ్మ కుట్టిన మూడు తిత్తులు

చీరల కోసం ఎక్కడెక్కడి వాళ్లో గద్వాలకు వస్తారు. గద్వాల పక్కనే ఉన్న మా అమ్మకు మాత్రం ఏం కొనాలన్నా రాయచూరే కావాలి. స్టీలు సామాను అక్కడే, బట్టలు అక్కడే, బంగారమైతే ఇక చెప్పనక్కర్లేదు. "ఈడోళ్లు మన మొకం సూసి ధర చెప్తరు. ఆడ మనం ఎవరో తెల్వదు, తక్కెడ సూసి చెప్తరు" అనేది. అలాగని రాయచూరును నమ్మేదా అంటే అదీ లేదు. అక్కడి బజారులో నడిచే ప్రతి మనిషీ జేబుదొంగేనని ఆమె నమ్మకం.

ఆ ఏడు పల్లి బాగా పండింది. అమ్మ పుస్తెలతాడు మళ్లీ కొనుక్కోవాలనుకుంది. పాత తాడు బోరు వేయించడానికి అమ్మేశారు. బోరులో నీళ్లు పడలేదు. అప్పటినుంచి పుస్తెలు పసుపుతాడుకే వేలాడుతున్నాయి. పెళ్లిళ్లకు పోతే మెడ కనబడకుండా కొంగు చుట్టుకుని కూర్చునేది. మండే ఎండలో కూడా చుట్టుకునేది.  ఈసారి ఆ పైసలు దారిలో పోతే ఇంకో తాడు ఈ జన్మకు ఉండదని అమ్మకూ తెలుసు, మాకూ తెలుసు.

తమ్ముడు ఫోన్‌లో కట్టేద్దామన్నాడు. "పైసలు చేతికి తగలాలె. తగలకుండ పోయేటియి యాడికి పోయినయో ఎవనికెరుక?" అని అమ్మ కొట్టిపారేసింది.

నేను బిజినేపల్లిలోని మా అత్తగారింటి నుంచి ముందురోజే వచ్చాను. బయలుదేరే పొద్దున అమ్మ నాకొక తిత్తి, తమ్ముడి భార్యకొక తిత్తి ఇచ్చి, తానొకటి నడుముకు కట్టుకుంది. పాత లంగా చింపి కుట్టిన గుడ్డ సంచులవి. మూడూ ఒకే రంగు, ఒకే మందం. మూతులు కూడా దారంతో కుట్టేసి ఉన్నాయి. ఒకదానిలో నోట్లు, మిగతా రెండింటిలో పాత క్యాలెండరు ముక్కలు. దేనిలో ఏముందో ఆమెకొక్కదానికే తెలుసు.

"మాకు చెప్తే ఏమైతది?" అన్నాను.

"తెలిస్తే చెయ్యి ఊకె ఆడికే పోతది. దొంగోడు జేబు సూడడు, మన చెయ్యి సూస్తడు. అండ్ల నీ మొకంల ఏదీ దాగదు."

మరదలు కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండింది. పెళ్లికెదిగిన కొడుకున్నదాన్ని, ఇంకా నేను పలక పోగొట్టుకొచ్చే పిల్లనే అమ్మకు. నాకిచ్చింది క్యాలెండరు ముక్కలదేనని అప్పుడే తేల్చేసుకున్నాను.

ఇంకో కట్టడి కూడా పెట్టింది. కలిసి నడిచేవాళ్లు ధరలు మాట్లాడుకుంటారు, ఆ మాటలు విని దొంగ వెంటపడతాడు. కాబట్టి విడివిడిగా నడవాలి. "రాయచూర్ల బస్సు దిగినంక నేనెవరో మీకు తెల్వదు, మీరెవరో నాకు తెల్వదు. సమజైందా?" అంది. తాడు మెడలో పడేదాకా ముద్ద ముట్టనని ఒక్కపొద్దు కూడా పట్టింది. షుగరు గోలీ మాత్రం రోజూలాగే మింగింది. గోలీ వేసుకుని తినకుండా ఉంటే ఏమవుతుందో మాకెవరికీ తట్టలేదు. మా ధ్యాసంతా తిత్తుల మీదే ఉంది.

కర్ణాటక బార్డరు దాకా ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే బస్సు ఉచితం, అవతలికి టికెట్టు. బస్సు కిక్కిరిసి ఉంది. భుజాన తువ్వాలేసుకున్న ఒకాయన నిద్రలో అమ్మ మీదికి ఒరుగుతున్నాడు. నిజంగా నిద్రా, నటనా? దారి పొడవునా ఆయన చేతులనే చూస్తూ కూర్చున్నాను. దిగేటప్పుడు ఆయన అమ్మ సంచి అందించాడు. అప్పుడు నా అనుమానం ఇంకా పెరిగింది.

బజారులో అమ్మ ముందు, వెనక నేను, రోడ్డుకు అటువైపు మరదలు. ఎండ నెత్తిన మాడుస్తోంది. ఎవరి మోచెయ్యి తగిలినా తిరిగి వాళ్ల చేతులే చూస్తున్నాను. అంగడి వీధి మలుపులో అమ్మ నడక తడబడింది. గాజుల బండిని పట్టుకోబోయి, పట్టు దొరక్క, అట్లాగే కిందికి జారిపోయింది.

"సోడా తే!" అని మరదలికి అరిచి పరుగెత్తాను. నేను చేరేసరికే జనం మూగారు. "ఏనాయ్తు? ఏనాయ్తు?" అని కన్నడంలో ఏమైందని అడుగుతున్నారు. ఒకరు విసురుతున్నారు, ఒకరు భుజం పట్టుకున్నారు, ఇంకెవరిదో చెయ్యి ఆమె కొంగు దగ్గరుంది. అన్ని చేతులు! వాటిలో ఒకటి తప్పకుండా దొంగదే అనిపించింది. తాడు పోయినట్టే అనిపించింది. జనాన్ని తోసుకుని మోకాళ్ల మీద కూలబడి, తిత్తి ఉందో లేదోనని అమ్మ నడుము దగ్గర చెయ్యి దూర్చాను.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో!

"దొంగ! దొంగ!" అని అరిచింది.

పూలమ్మే ఒకామె నా జుట్టు దొరకబుచ్చుకుంది. "కళ్ళి! కళ్ళి!" అని జనం కన్నడంలో నన్నే దొంగ అంటున్నారు. "మా అమ్మ! ఆమె మా అమ్మ!" అని మొత్తుకున్నాను. తెలుగు వచ్చిన ఒకాయన అమ్మ ముందు వంగి, "ఈమె నీ బిడ్డనా?" అని అడిగాడు.

అమ్మ నా వైపు కళ్లు తిప్పింది. "నాకు తెల్వదు" అంది.

ఆధార్ తీసి చూపించాను. ఆయన నా కార్డు, అమ్మ సంచిలోని కార్డు పక్కపక్కన పెట్టి చదివాడు. "ఊరు వేరే, ఇంటిపేరు వేరే" అన్నాడు. నా కార్డులో ఉన్నది మా ఆయన పేరు. నేను అమ్మ కూతురినని చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. ఈలోపు పూలామె నా నడుముకు కట్టుకున్న నాడా చూసి లాగింది. అమ్మ దగ్గరున్నట్టే ఇంకొక తిత్తి బయటపడింది. దానికి ఎవరో పళ్లు పెట్టి కుట్లు తెంపారు.

నోట్లు జలజలా రాలాయి. నోట్లు నా తిత్తిలోనే ఉన్నాయి.

పైసలు, పైసలు అని జనం అరవగానే, "నా పైసలు! అవి నా పైసలే!" అని అమ్మ ఏడ్చింది. అది నిజమే. ఏమని కాదంటాను? వీపు మీద మొదటి దెబ్బ పడింది. నోట్ల మీద ఎవరి కాళ్లో పడుతున్నాయి. నేను వాటిమీద పడి మూసుకోబోతే, దొంగసొమ్ము కోసం ఎట్లా ఆరాటపడుతుందో చూడమన్నారు.

"వదినె! అత్తమ్మా! ఆమె అత్తమ్మ బిడ్డ, మా వదినె! ఇడువుండ్రి!"

మరదలు సోడా పట్టుకుని చొచ్చుకొచ్చింది. తన తిత్తి ఊడబీకి అందరి ముందూ పట్టింది. అదే గుడ్డ, అవే కుట్లు. జుట్టు మీది చెయ్యి వదులైంది. అమ్మకు షుగరుందని మరదలు చెప్పగానే చాయ్ బండతను పిడికెడు చక్కెర తెచ్చి సోడాలో కలిపాడు. పూలామె అమ్మ తల ఒళ్లో పెట్టుకుని తాగించింది. జనం వంగి బండి కింద నుంచి, మోరీ కాలువ గట్టు నుంచి నోట్లు ఏరి తెచ్చి నా ఒళ్లో వేశారు. పొద్దున్నుంచి నేను దొంగలనుకున్నది వీళ్లనే. ఒక్క నోటూ తగ్గలేదు. పూలామె నా వైపు సరిగా చూడలేక, "తప్పు తిళ్కోబ్యాడక్కా" అంది, తప్పుగా అనుకోవద్దని.  వీపు మండుతోంది.

అమ్మ అన్నం తిన్నాక తాడు కొన్నాం.

తిరుగు బస్సులో అమ్మ మా ఇద్దరి మధ్య కూర్చుంది. మెడ మీద కొంగు లేదు. కొత్త తాడు చూస్తే సంతోషం కలగాలి గానీ, నాకు వీపు మీది దెబ్బే గుర్తొస్తోంది. ఇక ఆపుకోలేకపోయాను.

"కన్నబిడ్డను పట్టుకొని దొంగంటివి. నడిబజార్ల కొట్టిపిస్తివి."

"నీ మీద నమ్మకం లేకుంటె పైసలన్నీ నీ నడుముకే కడ్తనా?" అంది.

 పొద్దున్నుంచి ఎదురుచూసిన మాట అదే. మెత్తగా అడిగాను, "మరి నన్నెందుకు గుర్తువట్టలే?"

 అమ్మకు కోపమేమీ లేదు, నేను అడిగింది గుర్తు తెచ్చుకుని చెబుతోంది అంతే.

"కండ్లు కనబడలే బిడ్డ, అంత చీకటి. ఎవరిదో చెయ్యి వస్తున్నదని మాత్రం తెలిసింది. నా బిడ్డదైతె ముందుగాల మొకం మీదికొస్తది గదా అనుకున్న. అది సీద బొడ్లె తిత్తి మీదికొచ్చింది."